అనుభవం గడి

యానాం పోస్టాఫీసు ఎదురుగా
పేజీకి పదిహేను రూపాయల నా జిరాక్సు షాపుకి
పెమ్మాడి దావీదు మాస్టారు తడిసిపోయి వచ్చారు,
చంకలో గొడుగు ఉండి కూడా.
గొడుగులో పేపరు చుట్టి ఉంది.

"దేశం జట్టుకి కోచి కావాలంటమ్మా.
దరఖాస్తు టైపు చెయ్యి."

నవ్వలేదు నేను.
పదకొండేళ్ళు ఆయన గోల్‌కీపర్ని.
నవ్వితే తిన్నె చుట్టూ నాలుగు రౌండ్లని
నా మోకాళ్ళకి ఇంకా గుర్తే.

పేరు. కొట్టాను.
పుట్టిన తేదీ.
"గోదారొచ్చిన ఏడు."
ఏ గోదారి మాస్టారూ?
"మా అమ్మ నన్ను చంకనేసుకుని దూలమెక్కిన గోదారి."
ఆధార్ కార్డు అడిగి కొట్టాను.

శిక్షణ ఎవరి దగ్గర?
"మా నాన్న దగ్గర. ఫ్రెంచి బడిలో చదివాడు,
పోయేదాకా గోలుని 'బ్యూ' అనేవాడు."
లైసెన్సు?
"మోటారు పడవది ఉంది. పనికొస్తదా?"
అక్కడ చిన్న గీత పెట్టాను.

అనుభవం అనే గడి మాత్రం
వేలెడంత కూడా లేదు.
అందులో ఏం పడుతుందని?
ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
చేతులింకా కొంకర్లు పోతుండగానే
ఇసకలో సరుగుడు గుంజలు పాతడం,
పనికిరాని వలని గోలుకి ముడెయ్యడం.
ఆటకి తొంభై నిమిషాలని ఎవరు పెట్టారో గానీ
మాకు పాటు తీస్తే మొదలు,
పోటు పాదాలకి తగిలితే ఆఖరి విజిలు.
అమావాస్యకి మైదానం పెద్దది, పదకొండు మందిమి.
అష్టమికి ఏడుగురమే.
బంతి గౌతమిలో పడితే
కొట్టినోళ్ళే ఈదాలి.
అందుకే మా వింగర్లందరికీ ఈతొచ్చు,
ఒక్కరూ గుడ్డిగా కొట్టరు.

ఇవన్నీ రాస్తానంటే వద్దన్నారు.
"ఇరవై ఆరేళ్ళు అని కొట్టు, చాలు."
ఆశించే జీతం దగ్గర
రైలు ఖర్చులు అని చెప్పి
కాసేపాగి, "రానూ పోనూ" అన్నారు.

అందినట్టు సంతకంతో కార్డు తిరిగొచ్చింది.
నెల్లాళ్ళు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగారు.
రేవు దగ్గర టీ కొట్టులో పందేలు నడిచాయి.
పంటు టికెట్లిచ్చే అబ్బులు స్పెయినాయన మీద వంద,
ఓలేటి నూకయ్య కేరళాయన మీద రెండొందలు.
ఎవడో "మన దావీదు మీద ఐదొందలు" అన్నాడు.
కొట్టంతా నవ్వింది.
మాస్టారూ నవ్వారు,
జేబు మీద చెయ్యి తియ్యకుండా.

నీళ్ళు ఎర్రబారి
తిన్నె మునిగిన రోజు తెలిసింది.
ఎవరో వచ్చాడు. టీవీలో
తెల్ల చొక్కా, సన్న గడ్డం,
మూడుసార్లు చదివినా నోరు తిరగని పేరు.
నేను షట్టరు సగం దించాను
మాస్టారి కంట పడకుండా.

షట్టరు కింద ముందు ఆ కాళ్ళే కనిపించాయి,
కుడి చీలమండ ఎప్పటి వాపుతోనే.
వంగి లోపలికొచ్చారు.

"ఉత్తరం ఒకటి కొట్టాలి."
ఫిర్యాదా మాస్టారూ?
"ఛ, కొత్తాయనకి.
పాపం నడి వానల్లో దిగాడు. చెప్పేవాళ్ళెవరున్నారు?"

ఇంగ్లీషులో కొట్టమని తెలుగులో చెప్పారు:

ఆర్యా,
వానాకాలం బంతికి గాలి పిసరంత తగ్గించండి.
ఓడిన రోజు పిల్లల్ని అన్నం తిన్నాకే అడగండి, ఏం అడిగినా.
గోల్‌కీపరుతో రోజూ కాసేపు మాట్లాడండి.
అక్కడ నిలబడ్డవాళ్ళకి ఆటంతా కనిపిస్తుంది,
వాళ్ళని ఎవరూ అడగరు.
నేనూ అడగలేదు.

నా వేళ్ళు ఆగిపోయాయి.

"కొట్టు, కొట్టు," అన్నారు వీధి వైపు చూస్తూ,
"పోస్టు కట్టేస్తారు."